వదినా అని పిలిచిన మిషన్

…కాబట్టి ముఖం అనేది నిజానికి ఒక అడ్డం, అనుకుంది మనోజ్ఞ. ముఖం ఉంటే వయసుంటుంది, వయసుంటే పెళ్లయిందా అన్న ప్రశ్న ఉంటుంది, దాని వెనకే ఏ ఊరు, ఎవరి తాలూకు అన్నవి వరసగా వచ్చి పీట వేసుకుని కూర్చుంటాయి. అడగవలసిన మాట అడగకుండానే టీ చల్లారిపోతుంది. గొంతుకి ఆ బాధ లేదు. గొంతు వస్తుంది, పని చేసుకుంటుంది, వెళ్లిపోతుంది. దాన్ని ఎవరూ మళ్లీ ఎప్పుడొస్తావని అడగరు.

ఆమె కూర్చున్నది సూరత్ శివార్లలోని ఉన్‌లో విశ్వవిద్యాలయం అద్దెకు తీసుకున్న రెండు గదుల ఇంట్లో, వెనక గదిలో. ఒకప్పుడు అది వంటగది. గట్టు మీద పోపు మరకలు ఇంకా పోలేదు. ఆ గట్టు మీదే కంప్యూటరు, మైకు, నలుపు రంగు పెట్టె ఒకటి, దానికి, అవతలికి వెళ్లే గొంతును పెంచే గుండ్రటి వాల్యూమ్ నాబ్. గోడకి కన్నం పెట్టి తీగలు అవతలి గదిలోకి తీశారు. అవతలి గదిలో ఏం జరుగుతోందో తెరమీద కనిపిస్తుంది: ఒక కుర్చీ, ఒక బల్ల, బల్ల మీద తెల్లటి డబ్బా, డబ్బా నెత్తిన చిన్న నీలం దీపం. డబ్బా పేరు ‘తోడు’.

తోడులో ఏమీ లేదు. దీపం ఉంది, అంతే. వచ్చినవాళ్లు చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని దానితో మాట్లాడతారు, అది తెలుగులో జవాబు చెబుతుంది, చెప్పేది మనోజ్ఞ. మాట్లాడే యంత్రాన్ని ఏళ్ల తరబడి శ్రమపడి తయారు చేసే ముందు, అసలు మనుషులు అలాంటిదానితో ఎలా మాట్లాడతారో, ఎప్పుడు నమ్ముతారో, ఎక్కడ విసుక్కుంటారో తెలుసుకోవాలి కదా. అందుకని యంత్రం ఉన్నట్టు నమ్మించి గోడ వెనక ఒక మనిషిని కూర్చోబెడతారు. ఆ మనిషి మాటలోని ఊపిరినీ తడినీ కంప్యూటరు తీసేసి, ఇస్త్రీ చేసిన గొంతుగా మార్చి అవతలికి పంపుతుంది. అందరి వంతూ అయిపోయాక నిజం చెబుతారు. మొదటి రోజు సంతకం చేయించుకునే కాగితంలోనే ‘కొన్ని సంగతులు చివర్లో చెబుతాం’ అని ఉంటుంది.

ఈ పనిలో తనను మించినవాళ్లు లేరని మనోజ్ఞకు తెలుసు. అది గర్వం కాదు. వంట బాగా వచ్చినవాళ్లకి వాసన చూస్తేనే ఉప్పు పడిందని తెలుస్తుందే, అలాంటిది. ఇంతవరకూ ఒక్కరూ ఆమెను కనిపెట్టలేదు. ఒకాయన అయితే లేచి డబ్బాను తలకిందులు చేసి, అడుగున ఏముందో చూసి, ‘చైనా మాల్’ అని తీర్పు చెప్పి మళ్లీ కూర్చున్నాడు.

ఆమె దీనికోసమే పుట్టిందేమో. చిన్నప్పుడు ఒకసారి నాన్న శ్రీరాములు ఆమెను సూరత్ స్టేషన్‌లో ప్రకటనలు చెప్పే గదికి తీసుకెళ్లాడు. ఆయన రైల్వేలో గుమస్తా. అంత పెద్ద స్టేషన్‌ను, అన్ని వేల మందిని, ఒక ప్లాట్‌ఫారం మీంచి ఇంకో ప్లాట్‌ఫారానికి పరుగులు పెట్టించే ఆ గొంతు ఎంత గొప్పగా ఉంటుందో అనుకుని వెళ్తే, లోపల ఒక లావుపాటి ఆవిడ టిఫిన్ డబ్బా మూతలో థేప్లా రొట్టెలు పెట్టుకుని తింటోంది. నమిలింది మింగింది, మీట నొక్కింది, బయట జనం పరిగెత్తారు. వేరే పిల్లలైతే నిరాశపడేవాళ్లు. మనోజ్ఞకు మాత్రం ఇంటికొచ్చేదాకా అదే ఆలోచన. అందరికీ వినిపిస్తూ ఎవరికీ కనిపించకుండా ఉండటం, పైగా థేప్లా తింటూ ఉండటం! ఇంతకంటే స్వేచ్ఛ ఉంటుందా?

ఒక్క భాష మాత్రం నేర్చుకోవలసి వచ్చింది. ఇంట్లో వాళ్లది విజయనగరం వైపు మాట. ఇక్కడికి వచ్చేవాళ్లు లూమ్‌ల మీద, మిల్లుల్లో పనిచేసే తెలంగాణ మనుషులు. రైల్వే కాలనీలో ఇస్త్రీ బండి పెట్టే మంగ దగ్గర నిలబడి నిలబడి, ఆ మాటలోని లాగుళ్లూ విరుపులూ పట్టుకుంది. వాళ్లమ్మ ఉషాదేవి ఒకరోజు వంటింట్లోంచి తొంగి చూసి, “ఎవరే వచ్చింది?” అని అడిగింది. గదిలో మనోజ్ఞ ఒక్కతే అద్దం ముందు సాధన చేసుకుంటోంది.

తెరమీద ముందు గది తలుపు తెరుచుకుంది. పద్మారాణి వచ్చింది. ప్రయోగంలో ఇవాళ ఆమెది చివరి కూర్చోడం.

“ఆవో ఆంటీ, బైఠో,” అన్నాడు వరుణ్. వచ్చినవాళ్లని కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ తగిలించడం అతని పని. సూరత్‌లోనే పుట్టి పెరిగాడు. తెలుగు మొదలుపెడితే హిందీలో తేలతాడు.

పద్మారాణి చెప్పులు గుమ్మంలో విడిచి, అతని ముఖంలోకి తేరిపార చూసింది. “మళ్ల ఆంటి అంటున్నవా? అత్తా అనుమని చెప్పలేదారా నీకు?”

“అత్తా అంటే మీ అమ్మాయిని ఇవ్వాలి మరి.”

“నాకు ఇద్దరు కొడుకులే బిడ్డా. కావాల్నంటె ఒకన్ని తీస్కపో. బట్టలు మంచిగ ఉతుకుతడు.”

గోడ వెనక మనోజ్ఞ నవ్వుకుంది. పద్మారాణి ఖటోదరాలో ఒక లూమ్ షెడ్డులో, ఇక్కడి మాటలో చెప్పాలంటే ఖాతాలో, బాబిన్ మిషన్ నడుపుతుంది. కండెలకు దారం చుట్టి లూమ్‌లకు అందించే పని. మనోజ్ఞ మనుషుల్ని ఎంచుకోవడానికి ఆ ఖాతాకి ఒకసారి వెళ్లింది. లోపల అడుగుపెడితే శబ్దం గోడలా తగిలింది. అందులో అక్కడివాళ్లు హాయిగా కబుర్లు చెప్పుకుంటున్నారు, గొంతు లేకుండా, ఉత్త పెదవులతో. ఆ చివరినుంచి ఒకావిడ పెదవులు ఏదో అన్నాయి, ఈ చివర ముగ్గురు పొట్టలు పట్టుకుని నవ్వారు. అంత చదువుకున్న మనోజ్ఞ ఒక్కతే దిక్కులు చూస్తూ నిలబడింది. ఆ పెదవులు పద్మారాణివి. ఈమె కావాలి నాకు, అనుకుంది ఆ క్షణమే.

మొదటి రోజే పద్మారాణి ప్రయోగం నియమాలన్నీ పక్కకు నెట్టింది. నీ పేరేంది అని డబ్బాను అడిగింది. తోడు అని జవాబొచ్చింది. “పెరుగుల ఏసే తోడా?” అంది. తరవాత కాసేపు ఆలోచించి, “పేరు పెట్టి పిలిస్తె మర్యాదుంటదా? వరసుండాలె. నువ్వు నా మేనమామ బిడ్డవనుకుంట. నాకు మరదలువి. నన్ను వదినె అను,” అని తేల్చేసింది.

అలాంటప్పుడు ఏం చెప్పాలో కాగితం మీద రాసే ఉంది: ‘నేను యంత్రాన్ని. నాకు బంధుత్వాలు ఉండవు.’ మనోజ్ఞ ఆ వాక్యాన్ని చూస్తూనే ఉంది. చూస్తూ చూస్తూ, “సరే వదినా,” అంది.

ఎందుకందో ఆమెకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. తెలుగు గొంతుతో ఎవరైనా వరస కలిపితే, తిరిగి కలపకుండా ఉండటానికి మనిషి యంత్రమై ఉండాలి; తాను యంత్రం కాదు; కారణం అంతే కావచ్చు. ఆమె గైడు ప్రొఫెసర్ జయదేవ్ ఆ రికార్డింగు విని మొదట చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు. మిగతాది కూడా విన్నాక, “ఇంక మానకు. ఆవిడ విషయంలో ఇలాగే సాగనీ,” అన్నారు. ఎందుకంటే వరస కలిసినప్పటినుంచి పద్మారాణి మాట తీరే మారిపోయింది. మిగతావాళ్లు డబ్బాతో బ్యాంకులో మాట్లాడినట్టు మాట్లాడతారు. ఈమె పరాచికాలాడుతుంది. కూర్చున్న ప్రతిసారీ, ‘ఏమన్నవ్? మళ్లొక్కసారి చెప్పు’ అని అడగడం తగ్గుతూ వచ్చింది, జవాబులు చురుకెక్కాయి. గ్రాఫు గీస్తే కొండెక్కే దారిలా ఉంది. ‘వరస కలిపితే నమ్మకం’ అని మనోజ్ఞ తన థీసిస్‌లో ఒక అధ్యాయానికి పేరు పెట్టుకుంది. అందరూ అది తప్ప ఇంకేదీ చదవరని ఆమె ధీమా.

“ఏమే మరదలా, లేచినవా?” హెడ్‌ఫోన్ సర్దుకుంటూ అడిగింది పద్మారాణి.

“లేచిన వదినా. పండుగ మంచిగయ్యిందా?”

“ఏం పండుగ! దీపావళికి మిల్లు బంద్ పెట్టిరు, మా ఆయన అన్నిదినాలు ఇంట్లనే ఉన్నడు. ఇంతకన్న పెద్ద పండుగుంటదా? పల్సానా మిల్లుల ఆయన, ఖాతాల నేను, ఇన్నేండ్లు ఇద్దరం ఒక్కదగ్గర కూసున్నదే లేదు. ఇప్పుడు కూసుంటె తెల్సింది, ఎందుకు కూసోలేదో. నీకు మొగుడు లేడు, అదృష్టవంతురాలివి. ఉండుంటె నీ నెత్తి మీది బుడ్డి దీపం గూడ ఆర్పుతుండె, కరెంటు బిల్లొస్తదని.”

మనోజ్ఞ చున్నీ కొంగు నోట్లో కుక్కుకుంది. యంత్రం నవ్వకూడదు. ఇది ఒక్కటే ఆమె ఇంకా మీరని నియమం.

“సప్పుడు లేదేంది? నవ్వుతున్నవా?”

“మిషన్లు నవ్వవు వదినా.”

“నవ్వకుంటె నీకే నుక్సాన్.” పద్మారాణి తల తిప్పి వరుణ్‌ను చూసింది. “నువ్వు జర బయటికి పో బిడ్డా. మేమిద్దరం మాట్లాడుకునేదుంది.”

వరుణ్ భుజాలెగరేసి బయటికి నడిచాడు. ఇంటి చుట్టూ తిరిగి వెనక తలుపులోంచి వంటగదిలోకి వచ్చి, గట్టుకి ఆనుకుని నిలబడ్డాడు. ఇద్దరూ తెరను చూశారు. పద్మారాణి కుర్చీ బల్లకి దగ్గరగా లాక్కుంది. డబ్బామీదికి వంగి, ఎవరైనా వింటారేమో అన్నట్టు చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“నీకొక్కదానికే చెప్తున్న. మా ఆయన ఏమంటడంటె, నాకు చెవులు ఇనపడ్తలేవంట. ఎన్కనుంచి పిలిస్తె పలుకుతలేనంట. ఎన్కనుంచి పిలుసుడేంది? ముంగటికి రావొచ్చు గదా, కాళ్లు లేవా? ఇంట్ల కూసుండి కూసుండి ఇదొకటి కనిపెట్టిండు. రేపు పొద్దుగాల దవాఖానల నంబరు పెట్టిచ్చిండు. చెవుల డాక్టరట. రేపేమో లాభ్ పాంచమ్. సేఠ్ పూజ చేసి లూమ్‌లు చాలూ చేస్తడు. అందరికన్న ముందుగాల నా బాబిన్ మిషనే తిరగాలె, లేకుంటె దారమేడికెళ్లి వస్తది? ఈయన అడ్డం పడ్డడు. ఆ సప్పుడుల కూసుంటె ఉన్న కొంచెం గూడ పోతదట, డాక్టరు చూసేదాంక ఖాతాల కాలు పెట్టొద్దట.”

“నువ్వేమన్నవ్ వదినా?”

“నేనా? నేనేం ఊకుంటనా? చెప్పిన. యూనివర్సిటోళ్ల మిషన్ మాట నాకు ముత్తెమోలె ఇనొస్తది. మొదట్ల జర ఇబ్బందయ్యె, నిజమే. ఇప్పుడు ఒక్క ముక్క పోదు. చెవులు కరాబైనోళ్లకు రోజురోజుకు మంచిగెట్ల ఇనొస్తది? నీకే నోరు పడిపోయింది, మీసాలల్ల మాట్లాడుకుంటవ్, నా చెవులనంటవ్ అన్న.” పద్మారాణి వెనక్కి వాలి, గెలిచినవాళ్లు కూర్చునే తీరులో కూర్చుంది. “రేపు ఖాతాకే పోత. దవాఖాన లేదు, ఏం లేదు. రేపు దవాఖానకు పోకుంటె ఇంక ఎన్నడు పోను, నా సంగతి నాకెర్కే. గని ఒక్క మాట నీ నోట ఇనాలె. మనుషులు మొఖం చూసి మాట్లాడుతరు. నువ్వు మిషన్‌వి, నీకు ఒకరి దిక్కు మాట్లాడే పని లేదు. చెప్పు. నా చెవులు మంచిగున్నయా, లేవా?”

మనోజ్ఞ నోరు తెరిచింది. కుడిచెయ్యి దానంతటదే నాబ్ మీదికి వెళ్లింది, మాట బాగా వినిపించాలని, ఎప్పటిలాగే. నాబ్ తిరగలేదు. తిరగడానికి ఇంక చోటు లేదు. దానిమీది తెల్లగీత చిట్టచివరి చుక్క మీద ఉంది.

ఆమె తన చెయ్యి వంక చూసింది, వేరేవాళ్ల చేతిని చూసినట్టు.

రెండో కూర్చోడంలో అనుకుంటా, పద్మారాణి ‘ఆఁ?’ అంది. తన చెయ్యి నాబ్‌ను కొంచెం తిప్పింది. మళ్లీ ‘ఆఁ?’ అంది. ఇంకొంచెం తిప్పింది. ఆ తరవాత ఆమె వచ్చిన ప్రతిసారీ పోయినసారి ఆపిన చోటికి తిప్పి, అక్కడినుంచి మరికాస్త. వడ్డించే చెయ్యి విస్తరిలో ఖాళీ చూసి గరిటె వంచుతుందే, దానికి మనసు అనుమతి అక్కర్లేదు కదా, సరిగ్గా అలా. ఎవరికీ చెప్పలేదు. చెప్పకూడదని కాదు, చెప్పవలసినదని తోచలేదు. రికార్డింగులో మాటలన్నీ ఉన్నాయి, మాటల మధ్య ఎడం ఉంది, నాబ్ మాత్రం ఎక్కడా లేదు. మాటను మామూలు స్థాయిలో మొదలుపెట్టి, పెంచి పెంచి ఇక్కడికి తెచ్చింది తాను. కొండెక్కిన ఆ గ్రాఫు నమ్మకానిది కాదు. అది ఈ గీత నడిచిన దారి. వరస కలపడం వల్ల పద్మారాణి మాట్లాడింది, నిజమే. కానీ వినడం మాత్రం గొంతు పెంచడం వల్ల వింది.

తప్పు దొరికినప్పుడు చాలామందికి కలిగే తడబాటు మనోజ్ఞకు కలగలేదు. లెక్క ఎక్కడ తేడా వస్తోందో పట్టుకున్నప్పుడు వచ్చే చల్లటి స్పష్టత వచ్చింది. ఆ స్పష్టతలో ఇంకొకటి కూడా కనిపించింది: వరుణ్ ఏదన్నా చెప్పేటప్పుడు పద్మారాణి అతని ముఖంలోకి తేరిపార చూడటం. ‘శ్రద్ధగల మనిషి’ అని తాను నోట్సులో రాసుకున్న చూపు. అది శ్రద్ధ కాదు. ఖాతాలో నేర్చుకున్న చూపు. అందరూ పెదవులు చూసి మాట్లాడుకునే చోట చెవులు ఎప్పుడు సెలవు తీసుకున్నాయో ఎవరికి తెలుస్తుంది?

“ఏమైందే? చెప్పు,” అంటోంది తెరమీద పద్మారాణి.

వరుణ్ మైకుకి చెయ్యి అడ్డం పెట్టి, మెల్లగా మోచేత్తో పొడిచాడు. “స్క్రిప్ట్ చదివెయ్ యార్. ఆరోగ్యం ప్రశ్న వస్తే చెప్పేది ఉంది కదా.”

ఉంది. మనోజ్ఞ చదివింది. “ఆ విషయం నేను చెప్పలేను. దయచేసి డాక్టరును అడగండి.”

పద్మారాణి నొసలు ముడిపడింది. “ఇదేంది, దవాఖాన గోడ మీది బోర్డులెక్క మాట్లాడుతున్నవ్? అడగండట! మా ఆయన వచ్చి నీతోని గూడ మాట్లాడిపోయిండా?”

మనోజ్ఞ నాబ్‌ను పట్టుకుంది. ఒక ఉపాయం తోచింది, యంత్రంలోంచే నిజం చెప్పే ఉపాయం. గోడ దాటనక్కర్లేదు, ముఖం చూపించనక్కర్లేదు. తెల్లగీతను వెనక్కి, వెనక్కి, మొదటి రోజు ఉన్న చోటికి తిప్పింది. అందరికీ సరిపోయే చోటు అది. అక్కడినుంచి మాట్లాడింది. “వదినా, రేపు దవాఖానకు పో. ఖాతాకు తర్వాత పోవచ్చు.”

పద్మారాణి తల పక్కకి వంచింది. హెడ్‌ఫోన్‌ను రెండు చేతులా చెవులకేసి నొక్కుకుంది. తరవాత చాచి డబ్బా వీపున ఒక్కటి చరిచింది, మొండికేసిన మిక్సీని చరిచినట్టు.

“వరుణూ! ఓ వరుణూ! ఇటు రా. మీ మిషన్ కరాబైంది. మా ఆయనలెక్క గొణుగుతున్నది.”

మనోజ్ఞ గట్టుమీద రెండు చేతులూ ఆనించింది. ఇది తాను పుస్తకాల్లో చదివిందే, పరీక్షల్లో రాసిందే: తనలో లోటు వచ్చినప్పుడు మనసు దాన్ని ఎప్పుడూ లోపల ఉంచుకోదు, ఎదుటివాళ్ల ఇంట్లో పారేసి వస్తుంది. భర్త గొణుగుతాడు, మిషన్ చెడిపోతుంది, లోకమంతా మీసాల్లో మాట్లాడుతుంది. ఆ గోడ ఇవతలినుంచి ఎంత అరిచినా, ఎంత తగ్గినా, పద్మారాణికి తెలిసేది మిషన్ సంగతే. మళ్లీ పెంచి ‘నీ చెవులు బాగాలేవు’ అని గట్టిగా చెబితే? ఆ మాట ముత్యంలా వినిపిస్తుంది. వినిపించిందంటే చెవులు బాగున్నట్టే కదా, అంటుంది. ఆమె తర్కంలో పొల్లు లేదు. పొల్లు ఉన్నది తాను ఇచ్చిన సాక్ష్యంలో.

“నేను వెళ్లి చెప్తాను,” అంది మనోజ్ఞ, మైకు ఆపేసి.

“ఎక్కడికి వెళ్లి?”

“ముందు గదిలోకి.”

వరుణ్ ఆమెను కొత్తగా చూసినట్టు చూశాడు. “పిచ్చా? సార్ నిన్ననే కదా చెప్పారు, అందరివీ అయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దని. ఈవిడది ఒక గల్లీ, అదే గల్లీలో ఇంకా నలుగురు రావాలి. ఇవాళ చెప్తే సాయంత్రానికి ఉన్ మొత్తం తెలిసిపోతుంది. నలుగురూ పాయె.”

“పోనీ. వేరే గల్లీలో వెతుకుదాం. సూరత్‌లో మనవాళ్లకి కొదవా?”

“నీ చాప్టర్?”

“అది ముందే పోయింది. చూడు, ఇందాకటిదాకా నాబ్ ఎక్కడుందో.” తెల్లగీతను మళ్లీ చిట్టచివరి చుక్క మీదికి తిప్పి చూపించింది.

వరుణ్ నాబ్ చూశాడు. మొదట అర్థం కాలేదు. తరవాత గ్రాఫు గుర్తొచ్చినట్టుంది, పెదవులు గుండ్రంగా చేసి గాలి వదిలాడు. “అరె. నువ్వు పెంచుతూ పోయావా? ఎవరికీ తెలీదు కదా. రికార్డులో లేదు.”

“నాకు తెలుసు. అది చాలు. పైగా ఇదే మంచి అధ్యాయం. సార్‌కి నేను చెప్తాను, ఆయన కాసేపు కళ్లద్దాలు తుడుచుకుంటారు, తరవాత ఒప్పుకుంటారు.” ఆ చివరి మాట ధైర్యానికి అన్నది కాదు, మనోజ్ఞ దాన్ని నిజంగానే నమ్మింది.

“డాక్టరు దగ్గరికి వెళ్లమని నేను చెప్పనా? నువ్వు కనిపించకుండానే అయిపోతుంది.”

అతను మంచివాడు. ఆమె సంగతి తెలిసినవాడు కూడా. క్యాంటీన్‌లో గోడవైపు తిరిగి కూర్చుని తినే మనిషని తెలుసు. మనోజ్ఞ తల అడ్డంగా ఊపింది. “నిన్ను ఎందుకు నమ్ముతుంది? వాళ్లాయన్నే నమ్మలేదు. ఆమె నమ్మింది మిషన్ని. మిషనే వెళ్లి చెప్పాలి.”

తెరమీద పద్మారాణి హెడ్‌ఫోన్ తీసి బల్లమీద పెట్టింది. డబ్బా నెత్తిన, నీలం దీపం పక్కన, అరచేత్తో తట్టింది. ఈసారి మెల్లగా. “పోయొస్త మరదలా. మంచిగ రిపేరు చేపిచ్చుకో. నువ్వు చెప్పకున్నా నాకెర్కే, నా చెవులకేం కాలె.” లేచి గుమ్మంవైపు నడిచింది.

మనోజ్ఞ గట్టుమీది మైకును పక్కకి నెట్టింది. వెనక తలుపు తీసి ఎండలోకి వచ్చింది. ఇంటి పక్క సందు ఇరుకు. ఒకవైపు గోడ, ఒకవైపు ఎవరివో ఎంబ్రాయిడరీ మిషన్లు పండగ సెలవుల్లో మౌనంగా ఉన్న షెడ్డు. నడుస్తుంటే ఒక వింత సంగతి గమనించింది. గొంతులో మాట సిద్ధంగా ఉంది, ముఖం మాత్రం సిద్ధంగా లేదు. ఏ ముఖం పెట్టుకోవాలి? నవ్వుతూ వెళ్లాలా, తప్పు చేసినట్టు వెళ్లాలా? స్టేషన్‌లోని ఆ లావుపాటావిడకు ఎప్పుడైనా ఈ ప్రశ్న వచ్చి ఉంటుందా, డబ్బా మూసి, చెయ్యి కడుక్కుని, రైలు తప్పిపోయిన మనిషి ఎదురుగా వచ్చినప్పుడు? వచ్చే ఉంటుంది. ఏదో ఒక ముఖంతో ఆవిడ జవాబు చెప్పే ఉంటుంది. రెండో ముఖం ఎవరికీ ఉండదు కదా.

ముందువైపుకి వచ్చేసరికి పద్మారాణి గుమ్మం మెట్టుమీద, వీధికి వీపు పెట్టి వంగి చెప్పు పట్టీ బిగించుకుంటోంది. నీలం చీర, భుజం మీద ఎప్పుడూ అంటుకుని ఉండే దారపు నూగు ఇవాళ లేదు, సెలవుల వల్ల.

“వదినా,” అని పిలిచింది మనోజ్ఞ. కంప్యూటరు ఇస్త్రీ చేయని గొంతు. అది తనకే పరాయిగా, కొంచెం సన్నగా వినిపించింది.

పద్మారాణి పట్టీ బిగించుకుంటూనే ఉంది.

“వదినా!” ఈసారి గట్టిగా అంది. వీధిలో కొత్తిమీర కట్టలు కడుతున్న ముసలాయన తలెత్తి చూశాడు. పద్మారాణి మాత్రం రెండో చెప్పులోకి కాలు దూర్చింది.

వెనకనుంచి పిలవడమేమిటి, ముందుకు రావచ్చు కదా, కాళ్లు లేవా?

మనోజ్ఞకు నవ్వొచ్చింది. ఈసారి చున్నీ కొంగు అడ్డం పెట్టుకోలేదు. మెట్టెక్కి, పద్మారాణిని దాటి, గడపలోకి వెళ్లి వీధివైపు తిరిగింది. ఎండ తిన్నగా ముఖం మీద పడింది. మోకాళ్లమీద కూర్చుని, వంగి ఉన్న ఆ కళ్లకు సమానంగా తన ముఖం తెచ్చింది. పద్మారాణి కళ్లెత్తింది, ఎవరీ పిల్ల అన్నట్టు. అలవాటు కొద్దీ ఆ చూపు తిన్నగా మనోజ్ఞ నోటి మీదికి దిగి ఆగింది.

మనోజ్ఞ గొంతు వాడలేదు. ఖాతాలో వాళ్లు మాట్లాడుకునే పద్ధతిలో, శబ్దం లేకుండా, పెదవులతో ఒక్కొక్క మాటే విడదీసి చెప్పింది: “వదినా, సప్పుడు పెంచింది నేనే.”